కూతురికి టీకా, తల్లికి పరీక్ష: గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్ రాకుండా చేయాల్సిన పనులు

ఖమ్మం జిల్లాలో ఒక ప్రభుత్వాసుపత్రిలో స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. గర్భసంచి ముఖద్వారం పరీక్షలు చేసే గదిలో నా డ్యూటీ. ఈ గదికి భయంతో వచ్చేవాళ్లే ఎక్కువ. "తెల్లబట్ట అవుతోంది సిస్టర్, గర్భసంచికి పుండు పడిందంట, తీసేయకపోతే క్యాన్సర్ అయిద్దంట" అంటూ ఎక్కడో తీయించిన స్కానింగ్ కాగితం నా చేతికిస్తారు. అసలు పరీక్ష చేయించుకోవాల్సింది 30 దాటి, ఏ బాధా లేకుండా తిరుగుతున్న ఆడవాళ్లు. వాళ్లు మాత్రం "నాకేమైందని?" అంటూ ఈ గడప తొక్కరు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 30 నుంచి 49 ఏళ్ల మధ్య ఆడవాళ్లలో ఈ పరీక్ష ఒక్కసారైనా చేయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద నూటికి ఇద్దరు కూడా లేరు. 2022 అంచనాల్లో మన దేశంలో ఒక్క ఏడాదిలో ఈ క్యాన్సర్ కొత్తగా వచ్చినవాళ్లు సుమారు 1 లక్షా 27 వేల మంది, చనిపోయినవాళ్లు దాదాపు 80 వేల మంది. ముందే కనిపెట్టి ఆపగలిగే జబ్బుకి ఇంతమందిని పోగొట్టుకుంటున్నాం.

అందుకే కూతురికి టీకా గురించి అడగడానికి వచ్చిన ప్రతి తల్లినీ నేను ముందు ఆమె గురించే అడుగుతాను. "అమ్మా, మీ వయసెంత? మీకు పరీక్ష ఎప్పుడైనా చేశారా?" అని. టీకా పిల్లకి, పరీక్ష తల్లికి. రెండూ ఒకే ప్రయాణంలో అయిపోవచ్చు. బస్సు చార్జీ ఒకటే, పోయే కూలీ ఒక పూటే.

ముందు జబ్బు సంగతి

గర్భసంచి కింది భాగం, యోనిలోకి తెరుచుకునే చోటు పేరు ముఖద్వారం. దానికి వచ్చే క్యాన్సర్‌కి దాదాపు ప్రతిసారీ కారణం హెచ్‌పీవీ అనే వైరస్. ఈ విషయం కనిపెట్టినందుకే జర్మనీ శాస్త్రవేత్త హరాల్డ్ జుర్ హౌసెన్‌కి 2008లో నోబెల్ బహుమతి ఇచ్చారు. ఈ వైరస్‌లో వందకు పైగా రకాలున్నాయి. క్యాన్సర్ తెచ్చేవి వాటిలో కొన్నే. ముఖ్యంగా 16, 18 అనే రెండు రకాల వల్లే పదిలో ఏడు కేసులు, ఆ పైన కూడా వస్తాయి.

ఇది శారీరక సంబంధం ద్వారా అంటుతుంది. పెళ్లయిన ఆడవాళ్లలో, మగవాళ్లలో ఎక్కువమందికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు అంటుకుంటుంది, మందు లేకుండానే ఏడాది రెండేళ్లలో పోతుంది. వచ్చిందని తెలియదు, పోయిందనీ తెలియదు. కొద్దిమందిలో మాత్రం పోకుండా అక్కడే ఉండిపోయి, ముఖద్వారం కణాలను మెల్లమెల్లగా మారుస్తుంది. ఆ మార్పు క్యాన్సర్‌గా ముదరడానికి మామూలుగా 15 నుంచి 20 ఏళ్లు పడుతుంది. హెచ్‌ఐవీ ఉండి మందులు వాడనివాళ్లలో 5 నుంచి 10 ఏళ్లలోనే ముదరొచ్చు. 16 ఏళ్లకు పెళ్లయిన అమ్మాయికి 35, 40 దాటాక జబ్బు బయటపడడం వెనక లెక్క ఇదే. చిన్న వయసు పెళ్లిళ్లు, వెంటవెంటనే కాన్పులు, పొగాకు ఈ ప్రమాదాన్ని పెంచుతాయి. మా దగ్గర పెద్దవయసు ఆడవాళ్లు చుట్ట తాగుతారు, ఉత్తరాంధ్ర వైపు అడ్డపొగ (చుట్ట నిప్పు ఉన్న కొసని నోట్లో పెట్టుకుని తాగడం) అలవాటు ఉంది. పరీక్షకి వచ్చినప్పుడు ఆ సంగతి దాచకుండా చెప్పండి.

ఇంకో మాట ఇక్కడే చెప్పాలి. హెచ్‌పీవీ ఉందని రిపోర్టు వస్తే ఇళ్లల్లో గొడవలు మొదలవుతాయి. "ఎవరి నుంచి వచ్చింది?" అని భర్త అడుగుతాడు, లేదా భార్యే భర్తని నిలదీస్తుంది. ఈ వైరస్ ఏళ్ల తరబడి నిద్రపోతున్నట్టు శరీరంలో ఉండిపోగలదు. ఎప్పుడు, ఎవరి నుంచి అన్నది ఏ రిపోర్టూ చెప్పలేదు. దయచేసి ఆ కాగితం పట్టుకుని ఎవరి నడవడికనూ తేల్చకండి.

పిల్లలకు టీకా

హెచ్‌పీవీ టీకాని 9 నుంచి 14 ఏళ్ల మధ్య వేయించడం అన్నిటికన్నా మేలు. "ఇంత చిన్నపిల్లకి ఇప్పుడెందుకు, పెళ్లప్పుడు చూద్దాంలే" అనేవాళ్లకి నేను చెప్పేది ఒకటే. విత్తనశుద్ధి నాటకముందే చేస్తాం కదా, మొలిచాక కాదు. వైరస్ ఒంట్లోకి రాకముందే టీకా పడాలి. వచ్చిన వైరస్‌ని అది తీసేయలేదు. పైగా ఈ వయసులో శరీరం టీకాకి బాగా స్పందిస్తుంది కాబట్టి డోసులు తక్కువ సరిపోతాయి.

ప్రైవేటులో వేయించేటప్పుడు మామూలుగా పాటించే లెక్క ఇది: 9 నుంచి 14 ఏళ్ల వాళ్లకి రెండు డోసులు, మధ్యలో 6 నెలలు. 15 నిండాక మొదలుపెడితే మూడు డోసులు: మొదటిది వేసిన 2 నెలలకి రెండోది, 6 నెలలకి మూడోది. అంటే 15వ పుట్టినరోజు లోపు మొదలుపెడితే ఒక సూది, దాని ఖర్చు తగ్గుతాయి. 2022 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ 9 నుంచి 20 ఏళ్ల వాళ్లకి ఒక్క డోసు పద్ధతి కూడా పాటించవచ్చని చెప్పింది. కాబట్టి ప్రభుత్వ కార్యక్రమంలో ఒక్క డోసే వేస్తామంటే "సగం వేసి పంపారు" అని అనుమానపడొద్దు. హెచ్‌ఐవీ ఉన్న పిల్లలకీ, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవాళ్లకీ మాత్రం ఒక్క డోసు చాలదు, కనీసం రెండు, వీలైతే మూడు పడాలి. ఆ సంగతి టీకా వేసే చోట తప్పకుండా చెప్పండి.

మన దగ్గర దొరికేవాటిలో సెర్వావాక్ పుణేలోని సీరం ఇన్‌స్టిట్యూట్ తయారుచేసింది. 2022లో అనుమతి వచ్చింది. డోసు 2,000 రూపాయల ధరతో మార్కెట్‌లోకి వచ్చింది. ఇది 6, 11, 16, 18 అనే నాలుగు రకాలను అడ్డుకుంటుంది. గార్డసిల్-9 తొమ్మిది రకాలను అడ్డుకుంటుంది, ధర మాత్రం చాలా ఎక్కువ. ఖరీదైనది వేయించలేకపోతున్నామని బాధపడి అసలు మానేసినవాళ్లు నాకు తెలుసు. అలా చేయొద్దు. 16, 18 రెండింటిలోనూ ఉన్నాయి, అసలు ప్రమాదం వాటితోనే. ముందుగా మీ ఏఎన్‌ఎంని, ఆశాని అడగండి: ప్రభుత్వం ఏ వయసు పిల్లలకి ఉచితంగా వేస్తోంది, మన దగ్గర ఎప్పుడు, ఎక్కడ అని. మీ పాప ఆ వయసులో ఉంటే బయట కొనాల్సిన పనే లేదు.

టీకా రోజు పాపకి కడుపునిండా టిఫిన్ పెట్టి తీసుకురండి. ఖాళీ కడుపుతో, భయంతో ఉన్న పిల్లలకే కళ్లు తిరుగుతాయి. భుజం పైకి సులువుగా జరిగే చేతులున్న డ్రెస్ వేయండి. సూది పై చేతి కండకి, అర మిల్లీలీటరు మందు, క్షణంలో అయిపోతుంది. సీసా మీద పేరు, గడువు తేదీ చూపించమని అడగండి, ఏ నర్సూ కాదనదు. వేశాక 15 నిమిషాలు అక్కడే కూర్చోబెట్టండి. ఆ రాత్రి చెయ్యి నొప్పి, కొంచెం వాపు, కొందరికి జ్వరం, తలనొప్పి ఉంటాయి. పారాసిటమాల్ సరిపోతుంది. పీరియడ్స్‌లో ఉన్నా వేయించవచ్చు. వాయిదా వేయాల్సింది బాగా జ్వరంగా ఉన్నప్పుడు, గర్భంతో ఉన్నప్పుడు. ముందు డోసుకి తీవ్రమైన ఎలర్జీ వచ్చి ఉంటే డాక్టర్‌తో మాట్లాడకుండా రెండోది వేయించొద్దు. రెండో డోసు ఆలస్యమైతే మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టక్కర్లేదు, వీలైనంత త్వరగా ఆ డోసు వేయిస్తే చాలు.

"పిల్లలు పుట్టరంట కదా?" అని మెల్లగా అడుగుతారు, ముఖ్యంగా అమ్మమ్మలు. ఈ టీకాలో బతికున్న వైరస్ లేదు, దాని పై పొరలోని ప్రొటీన్ మాత్రమే ఉంటుంది. సంతానానికి దీనివల్ల ఏ అడ్డూ లేదు. స్కాట్లాండ్‌లో 12, 13 ఏళ్లకే పూర్తిగా టీకా వేయించుకున్న అమ్మాయిలు పెద్దయ్యాక చూస్తే, వాళ్లలో ఈ క్యాన్సర్ కేసు ఒక్కటి కూడా కనిపించలేదని 2024లో ప్రకటించారు. పెళ్లయిన 20, 22 ఏళ్ల అమ్మాయిలు అడిగితే, 26 ఏళ్ల లోపు వేయించుకోవచ్చు, కొంత మేలు ఉంటుంది, కానీ చిన్నప్పుడు వేయించినంత కాదు అని చెబుతాను. అబ్బాయిలకి కూడా వేయవచ్చు. ఇంట్లో డబ్బు ఒకరికే సరిపోతే ముందు అమ్మాయికి వేయించండి.

మా జిల్లాలో 2009 మాట

ఇక్కడ ఈ టీకా పేరెత్తితే పెద్దవాళ్లకి ఇప్పటికీ 2009 గుర్తొస్తుంది. దాన్ని దాటేసి టీకా గురించి మాట్లాడడం నాకు ఇష్టం ఉండదు. అప్పుడు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో, గుజరాత్‌లోని వడోదరలో పాత్ అనే సంస్థ ఆధ్వర్యంలో పిల్లలకు హెచ్‌పీవీ టీకాలు వేశారు. మా దగ్గర భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో సుమారు 14 వేల మంది అమ్మాయిలకి వేశారు. వాళ్లలో చాలామంది గిరిజన పిల్లలు, హాస్టళ్లలో ఉండి చదువుకునేవాళ్లు. కొందరు పిల్లలు చనిపోయారన్న వార్తలతో 2010 ఏప్రిల్‌లో ప్రభుత్వం దాన్ని ఆపేసింది. ఆ మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు. కానీ చాలాచోట్ల తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు, హెడ్‌మాస్టర్లు సంతకాలు పెట్టారని తేలింది. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దాన్ని గట్టిగా తప్పుపట్టింది. తప్పే అది. పిల్లల తల్లిదండ్రులకి చెప్పకుండా సూది వేయడం ఎప్పుడైనా తప్పే.

అదే సమయంలో హైదరాబాద్ సహా దేశంలో 9 కేంద్రాల్లో రెండు డోసులు చాలా, మూడు కావాలా అని ఇంకో పరిశోధన నడుస్తోంది. ఈ గొడవతో అదీ మధ్యలో ఆగింది. దాంతో వేలమంది అమ్మాయిలకి ఒక్క డోసే పడింది. ఆ పిల్లల్ని డాక్టర్లు వదిలిపెట్టకుండా పదేళ్లు గమనిస్తే, ఒక్క డోసుతోనే 16, 18 రకాల నుంచి రక్షణ దొరికిందని తెలిసింది. ప్రపంచమంతా ఒక్క డోసు వైపు మళ్లడానికి మన పిల్లల నుంచి వచ్చిన ఆ ఆధారం కూడా ఒక ముఖ్య కారణం.

కాబట్టి మీరు చేయాల్సింది ఇది. బడి నుంచి ఫారం వస్తే సంతకం పెట్టేముందు చదవండి, చదవలేకపోతే చదివించుకోండి. టీకా పేరు, ఎన్ని డోసులు, వేశాక ఏదైనా అయితే ఎవరికి ఫోన్ చేయాలి, ఈ మూడూ అడగండి. పాపకి కూడా ఎందుకు వేస్తున్నారో చెప్పండి. పిల్ల హాస్టల్‌లో ఉంటే వెళ్లి మీ సంతకం మీరే పెట్టండి.

తల్లులకు పరీక్ష

టీకా వేయించుకున్న అమ్మాయి కూడా 30 దాటాక పరీక్ష చేయించుకోవాలి, ఎందుకంటే టీకా అన్ని రకాలనూ అడ్డుకోదు. టీకా అందని మన తరానికైతే పరీక్షే దిక్కు. ప్రభుత్వ కార్యక్రమం ప్రకారం 30 నుంచి 65 ఏళ్ల వాళ్లంతా 5 ఏళ్లకోసారి చేయించుకోవాలి. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లు 25 నుంచే మొదలుపెట్టాలి, ఇంకా తక్కువ ఎడంతో చేయించుకోవాలి. ఏఆర్‌టీ మందులు తెచ్చుకునే చోటే దీని గురించి అడగండి. మొత్తం జీవితంలో రెండుసార్లే కుదురుతుందంటే, 35 లోపు ఒకసారి, 45 లోపు ఒకసారి తప్పకుండా చేయించుకోండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2030కల్లా 70 శాతం మంది ఆడవాళ్లకి హెచ్‌పీవీ పరీక్ష లాంటి మెరుగైన పరీక్ష ఈ రెండు వయసుల్లో అందాలని లక్ష్యం పెట్టింది.

పరీక్షలు మూడు రకాలు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఎక్కువగా చేసేది వీఐఏ, అంటే వెనిగర్ లాంటి మందు రాసి కంటితో చూసే పరీక్ష. ఫలితం అక్కడికక్కడే చెప్తాం. పాప్ స్మియర్‌లో కణాలు తీసి ల్యాబ్‌కి పంపుతారు, బాగుంటే మళ్లీ 3 ఏళ్లకి. హెచ్‌పీవీ డీఎన్‌ఏ పరీక్ష మూడింటిలో మెరుగైనది, కానీ అన్నిచోట్లా ఉండదు. దీనికి నమూనా మీరే తీసుకోవచ్చు, ఆ సౌకర్యం ఉన్నచోట చిన్న బ్రష్ ఇచ్చి బాత్రూమ్‌లోకి పంపుతారు. సిగ్గుతో పరీక్షకి రాని ఆడవాళ్లకి ఇది వరం అని నా అభిప్రాయం. 50 దాటి నెలసరి ఆగిపోయినవాళ్లలో మేము చూడాల్సిన చోటు లోపలికి జరిగిపోతుంది, కాబట్టి వాళ్లకి వీఐఏ అంత నమ్మకంగా పనిచేయదు. వాళ్లు హెచ్‌పీవీ పరీక్ష లేదా పాప్ స్మియర్ అడగాలి.

నర్సు చేస్తే సరిపోతుందా, డాక్టరమ్మ చూడొద్దా అని కొందరు తటపటాయిస్తారు. ముంబయి మురికివాడల్లో టాటా మెమోరియల్ ఆసుపత్రివాళ్లు పదో తరగతి చదివిన ఆడవాళ్లకి శిక్షణ ఇచ్చి, రెండేళ్లకోసారి వీఐఏ చేయించారు. ఆ ప్రాంతాల్లో ఈ క్యాన్సర్ మరణాలు 31 శాతం తగ్గాయి. మహారాష్ట్రలోని అప్పటి ఉస్మానాబాద్ (ఇప్పుడు ధారాశివ్) జిల్లా పల్లెల్లో జరిగిన పరిశోధనలో జీవితంలో ఒక్కసారి హెచ్‌పీవీ పరీక్ష చేయించిన ఆడవాళ్లలో మరణాలు దాదాపు సగానికి తగ్గాయి. శిక్షణ ఉన్న చేతులు చాలు.

రోజు ఎంచుకోవడం: నెలసరి మొదలైన పదో రోజు నుంచి ఇరవయ్యో రోజు మధ్య రండి. ముందు రెండు రోజులు కలయిక వద్దు, లోపల పెట్టే మాత్రలు, క్రీములు వద్దు, లోపల కడగడం కూడా వద్దు. గర్భిణులకి వీఐఏ చేయం, కాన్పు అయిన మూడు నెలల తర్వాత రండి. తెలంగాణలో 2023 మార్చి 8న మొదలైన ఆరోగ్య మహిళ కార్యక్రమంలో ఎంపిక చేసిన కేంద్రాల్లో మంగళవారాలు ఆడవాళ్లకే కేటాయించి, నోటి, రొమ్ము, ముఖద్వారం క్యాన్సర్ పరీక్షలు పెట్టారు. మీ దగ్గర ఏ రోజు చేస్తున్నారో ఆశాని అడిగి బయలుదేరండి, ఊరికే తిరిగిపోవాల్సిన అవసరం ఉండదు. ఆంధ్రలో అయితే మీ ఊరి హెల్త్ క్లినిక్‌లో ఏఎన్‌ఎంని అడగండి.

గదిలో ఏం జరుగుతుందో వివరంగా చెప్తాను, ఎందుకంటే భయం అంతా తెలియకపోవడం వల్లే. చీర అయితే మంచిది, చుడీదార్ అయితే ఒక లంగా సంచిలో వేసుకురండి. ముందు మూత్రానికి వెళ్లి రండి. లోపల తలుపు గడియ వేస్తాం, కర్టెన్ ఉంటుంది. తోడుగా అక్కనో, ఆడపడుచునో ఉండమంటే ఉండనిస్తాం. చీర విప్పక్కర్లేదు, లోదుస్తు తీసి చీర మోకాళ్ల పైకి జరిపితే చాలు. టేబుల్ మీద పడుకుని మోకాళ్లు మడిచి పక్కలకి వదలాలి. నడుము కింద భాగం బిగపట్టి పైకి లేపుతారు చాలామంది. అక్కడే నొప్పి వస్తుంది. పిరుదులు టేబుల్‌కి ఆనించి, నోటితో నెమ్మదిగా ఊపిరి వదలండి. స్పెక్యులం అనే శుభ్రం చేసిన పరికరాన్ని కొద్దిగా తడిపి మెల్లగా లోపల పెట్టి తెరుస్తాం. ఒత్తిడి తెలుస్తుంది, కోత ఏమీ ఉండదు. నొప్పైతే "ఆపండి సిస్టర్" అనండి, ఆపేస్తాం.

లైట్ పెట్టి చూస్తే ముఖద్వారం లేత గులాబీ రంగులో గుండ్రంగా, మధ్యలో చిన్న రంధ్రంతో కనిపిస్తుంది. దూదిని 5 శాతం ఎసిటిక్ యాసిడ్‌లో ముంచి అక్కడ అద్దుతాం. యాసిడ్ అన్న మాటకి చాలామంది ఉలిక్కిపడతారు. ఇది వంటల్లో వాడే వెనిగర్ అంత పలచన, కొద్దిగా చురుక్కుమంటుంది, అంతే. ఆ తర్వాత గడియారం చూస్తూ ఒక నిమిషం ఆగుతాం. ఈ నిమిషం చాలా ముఖ్యం, తొందరపడితే మచ్చ కనపడకుండా పోవచ్చు. మామూలు కణాలు గులాబీ రంగులోనే ఉంటాయి. మారుతున్న కణాలున్న చోట గట్టి తెలుపుతో, అంచు స్పష్టంగా ఉన్న మచ్చ తేలుతుంది. మొత్తం పని పది నిమిషాలు పట్టదు. తర్వాత నడిచి ఇంటికి వెళ్లి వంట చేసుకోవచ్చు. ఒకటి రెండు రోజులు కొద్దిగా మరక కనిపించినా కంగారు పడొద్దు. కొన్నిచోట్ల రికార్డు కోసం ముఖద్వారం ఫొటో తీస్తారు. మీ అనుమతి అడగకుండా తీయకూడదు, వద్దు అనే హక్కు మీది.

తెల్ల మచ్చ కనిపిస్తే

"పాజిటివ్" అనగానే కొందరు టేబుల్ మీదే ఏడ్చేస్తారు. అది క్యాన్సర్ అని అర్థం కాదు. తెల్ల మచ్చ వచ్చినవాళ్లలో చాలామందికి వాపో, ఇన్‌ఫెక్షనో ఉంటుంది. కొందరికి క్యాన్సర్‌కి ముందు దశ మార్పులుంటాయి. అసలు క్యాన్సర్ తేలేది చాలా తక్కువమందికి. తర్వాత మెట్టు కాల్పోస్కోపీ, అంటే ముఖద్వారాన్ని పెద్దదిగా చూపించే పరికరంతో డాక్టర్ చూడడం. అనుమానం ఉంటే బియ్యం గింజంత ముక్క తీసి బయాప్సీకి పంపుతారు.

ముందు దశ అని తేలితే గర్భసంచి తీయక్కర్లేదు. థర్మల్ అబ్లేషన్ అనే పద్ధతిలో వేడి చేసిన మొనని ఆ చోట నిమిషం లోపే ఆనిస్తారు. నెలసరి నొప్పిలాంటి పోటు వస్తుంది, మత్తు ఇచ్చి పడుకోబెట్టాల్సిన అవసరం రాదు. మార్పు లోపలి దాకా ఉంటే లీప్ అనే పద్ధతిలో కరెంటు తీగతో ఆ పొరను తీస్తారు. తర్వాత మూడు నాలుగు వారాలు నీళ్లలా తెలుపు పోతుంది. నెలరోజుల పాటు కలయిక వద్దు. జ్వరం, దుర్వాసన, ఎక్కువ రక్తం పోతే వెంటనే రండి. ఏడాదికి మళ్లీ పరీక్షకి రావాలి. ఈ రావడం దగ్గరే చాలామంది జారిపోతారు. పెద్దాసుపత్రికి రాసిస్తే, కోతల సీజన్ అయ్యాక వెళ్దామని ఆగిపోతారు. రాసిచ్చిన చీటీ మీద తేదీ వేయించుకోండి, ఎవరిని కలవాలో పేరు, గది నంబర్ రాయించుకోండి. క్యాన్సర్ అనే తేలినా, తొలి దశలో పూర్తిగా నయమయ్యే అవకాశం చాలా ఎక్కువ. తెలంగాణలో ఆరోగ్యశ్రీ కింద, ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవ (ఇదివరకటి ఆరోగ్యశ్రీ) కింద చికిత్స ఉంది. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే, విశాఖ అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నాయి.

గర్భసంచి తీయించుకునే ముందు

ఇది రాయకుండా ఉండలేను. జాతీయ సర్వేల్లో గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్లు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముందు వరసలో ఉన్నాయి. 30 ఏళ్లకే, ఇద్దరు పిల్లలు పుట్టగానే, తెల్లబట్టకీ నడుము నొప్పికీ తీసేయించుకున్నవాళ్లను నేను వారం వారం చూస్తుంటాను. "పుండు" అని చెప్పేది చాలాసార్లు ముఖద్వారం లోపలి పొర కొంచెం బయటికి కనిపించడమే. అది ఆ వయసులో మామూలు, క్యాన్సర్ కాదు. తెల్లబట్ట ఎక్కువగా చాలామందికి మందులతో తగ్గే ఇన్‌ఫెక్షన్, కొన్నిసార్లు భర్తకి కూడా మందు వాడాలి. అండాశయాలు కూడా తీసేస్తే ఒంట్లో ఆవిర్లు, ఎముకలు పలచబడడం త్వరగా మొదలవుతాయి. మిగిలిన జీవితం కూలిపని చేసుకోవాల్సిన ఆడమనిషికి అది చిన్న నష్టం కాదు.

కాబట్టి ఎవరైనా "తీసేయకపోతే క్యాన్సర్" అంటే, ముందు పరీక్ష రిపోర్టు అడగండి. వీఐఏ, పాప్ స్మియర్, హెచ్‌పీవీ, బయాప్సీ, వీటిలో ఏది చేసి చెప్తున్నారో అడగండి. స్కానింగ్‌లో ముఖద్వారం ముందు దశ మార్పులు కనపడవు. ఏ పరీక్షా చేయకుండా తేదీ ఇస్తే, ప్రభుత్వాసుపత్రిలో ఇంకో డాక్టర్‌కి చూపించండి. వారం ఆలస్యమైతే కొంప మునగదు. ఆపరేషన్ నిజంగా అవసరమైన సందర్భాలూ ఉంటాయి, ఆగని రక్తస్రావం, పెద్ద గడ్డలు లాంటివి. అప్పుడు కూడా ముఖద్వారం పరీక్ష ముందే అయిపోవాలి. ఇప్పటికే తీయించుకున్నవాళ్లు డిశ్చార్జ్ కాగితం వెతికి తెచ్చి చూపించండి. ముఖద్వారంతో సహా తీశారా, దాన్ని ఉంచి పైభాగం మాత్రమే తీశారా అన్నది అందులో ఉంటుంది. ఉంచి ఉంటే పరీక్షలు మానకూడదు.

5 ఏళ్ల గడువు కోసం ఆగకూడని లక్షణాలు కొన్ని ఉన్నాయి. కలయిక తర్వాత రక్తం, రెండు నెలసరుల మధ్య రక్తం, నెలసరి ఆగిపోయాక మళ్లీ మరక, నీళ్లలా దుర్వాసనతో పోయే తెలుపు, తగ్గని పొత్తికడుపు నొప్పి, ఒక కాలు వాపు. పోయిన ఏడాది పరీక్ష బాగుందన్నా సరే, వీటిలో ఏది కనిపించినా ఆ వారంలోనే డాక్టర్‌కి చూపించండి. నెలసరి ఆగిన పెద్దవాళ్లు "మళ్లీ బయట చేరినట్టుంది" అని కోడలితో కూడా చెప్పుకోరు. మీ అమ్మనీ, అత్తనీ మీరే అడగండి.

ఇంట్లో మగవాళ్లకి చెప్పే పద్ధతి కూడా ఒకటి చెప్తాను. "క్యాన్సర్ పరీక్ష" అంటే కంగారుపడి ఎందుకని ఆపేస్తారు. "30 దాటినవాళ్లందరికీ బీపీ, షుగర్‌తో పాటు చేస్తున్నారు, నేనూ వెళ్లొస్తాను" అంటే పని జరుగుతుంది, అది నిజం కూడా. డ్వాక్రా గ్రూపులో పదిమంది కలిసి వస్తే ఇంకా సులువు, ఒకరికొకరు ధైర్యం. అలా వచ్చిన రోజు నా గదిలో నవ్వులు వినపడతాయి.

పరీక్ష అయ్యాక చీటీ తీసుకోకుండా వెళ్లొద్దు. ఏ పరీక్ష చేశాం, ఫలితం ఏమిటి, మళ్లీ ఎప్పుడు రావాలి అన్నవి దాని మీద ఉండాలి. లేకపోతే రాయమని అడగండి. ఫోన్‌తో ఫొటో తీసుకుని, పాప టీకా కార్డుతో కలిపి రేషన్ కార్డు ఉండే సంచిలో పెట్టండి. పాప రెండో డోసు తేదీ, మీ తర్వాతి పరీక్ష ఏడాది, ఈ రెండూ పాప చేతే ఆ కార్డు వెనక పెద్ద అక్షరాల్లో రాయించండి.